ముందుగా కాలేజీకి పంపాలా, కాలేజీ చదువునే ముందుగా ఇంటికి తేవాలా?

బ్యూరెట్ అనే గీతలున్న పొడవాటి గాజు గొట్టంలోని ద్రవమట్టాన్ని కంటికి సమానమైన ఎత్తులో చూసి రీడింగు రాయాలని ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో మొదటి రోజే చెబుతారు. ప్రకాశం జిల్లాలో నేను లెక్కలు చెప్పిన ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ల క్రితం పదమూడేళ్ల కుర్రవాడొకడు ఆ రీడింగు కోసం ప్రతిసారీ స్టూలు ఎక్కవలసి వచ్చేది. ఎక్కి, ఒక చేత్తో బల్ల అంచు పట్టుకొని, తల వంచి గీత చూసి, దిగి, నోటు పుస్తకంలో అంకె వేసుకొని, మళ్లీ ఎక్కేవాడు. చుట్టూ ఉన్న పదహారేళ్ల పిల్లలు నవ్వేవారు, వాళ్లతో పాటు అతడూ నవ్వేవాడు. లెక్కల్లో మాత్రం ఆ తరగతిలో అతడికి సాటి వచ్చేవారు లేరు. ప్రాథమిక పాఠశాలలో రెండుసార్లు డబుల్ ప్రమోషన్ ఇప్పించినందుకు రెండేళ్లు కలిసొచ్చాయని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఇంటర్ రెండో ఏడాది చివర తండ్రి ఎంసెట్ దరఖాస్తు పట్టుకొని నా దగ్గరికి వచ్చినప్పుడు, ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి అభ్యర్థికి పదహారేళ్లు నిండి ఉండాలన్న నిబంధనను ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాము. ఫిబ్రవరి నడుమ పుట్టిన పిల్లవాడు కనుక నెలన్నర తక్కువైంది. కలిసొచ్చిన రెండేళ్లలో ఒకటి ఇంట్లో కూర్చోవడానికే ఖర్చయింది.

మన ప్రాంతంలో, అంటే నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల, బిడ్డ మెరికలాంటిదని తెలిసిన వెంటనే ఇంట్లో సాధారణంగా రెండు ఆలోచనలే వస్తాయి. ఒకటి పై తరగతిలో కూర్చోబెట్టడం, రెండోది ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు ఉన్న రెసిడెన్షియల్ పాఠశాలలో చేర్చడం. ఈ రెండు కాక మరో మూడు నాలుగు దారులు ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసంలో నేను చేయదలచిన పని. పోల్చడానికి ముందు ఒక తేడాను గుర్తించాలి. సీటు ముందుగా దొరకడం వేరు, చదువు ముందుగా అందడం వేరు. పాఠ్యపుస్తకం జూలైలోనే అయిపోయి మిగిలిన ఏడాదంతా విసుగుతో కూర్చునే పిల్లకు కావలసింది రెండోది, తల్లిదండ్రులు ఎక్కువగా వెతికేది మొదటిది.

మొదట లెక్క తేల్చుకోవలసింది వయసు. 2012 జూలైలో పుట్టిన బిడ్డను ఉదాహరణగా తీసుకుందాము. ఏ తరగతీ దాటకుండా 2018 జూన్‌లో ఒకటో తరగతిలో చేరితే, పదో తరగతి 2028 మార్చిలోను, ఇంటర్ 2030 మార్చిలోను పూర్తవుతాయి. ఒక తరగతి దాటితే పదో తరగతి 2027లో, ఇంటర్ 2029లో అవుతాయి, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి బిడ్డకు పదిహేడేళ్ల అయిదు నెలలు ఉంటాయి కనుక ఇంజనీరింగ్‌కైనా వైద్యవిద్యకైనా అడ్డు ఉండదు. రెండు తరగతులు దాటితే ఇంటర్ 2028లో ముగుస్తుంది, అప్పటికి డిసెంబరు 31 నాటి వయసు పదహారేళ్ల అయిదు నెలలు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న పాత ఎంసెట్ ద్వారా ఇంజనీరింగ్‌లో చేరవచ్చు, కాని నీట్‌కు పదిహేడేళ్లు నిండాలన్న నియమం ఉన్నది కనుక వైద్యవిద్యకు మరుసటి ఏడాది దాకా ఆగవలసిందే. అంటే డాక్టరు కావాలనుకునే పిల్లకు రెండో డబుల్ ప్రమోషన్ వల్ల ఒక్క రోజు కూడా కలిసిరాదు. మూడు తరగతులు దాటిన బిడ్డకు 2027 చివర పదిహేనేళ్ల అయిదు నెలలే ఉంటాయి, రెండు తలుపులూ మూసి ఉంటాయి. దీనికి తోడు పదో తరగతి పబ్లిక్ పరీక్షకు కూడా పద్నాలుగేళ్లు నిండాలన్న నియమం ఉంది. తక్కువైతే ప్రధానోపాధ్యాయుని ద్వారా దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, వయసు మినహాయింపు తెచ్చుకోవాలి.

ఐఐటీల సంగతి వేరు. అక్కడ గరిష్ఠ వయసు మీదే నియమం ఉన్నది కాని కనిష్ఠ వయసు మీద లేదు. బిహార్‌కు చెందిన సత్యం కుమార్ 2012లో పన్నెండేళ్ల వయసులో ఐఐటీ ప్రవేశపరీక్ష నెగ్గాడు, ర్యాంకు ఎనిమిది వేలు దాటింది. అది చాలదనుకొని మరుసటి ఏడాది మళ్లీ రాసి, ఏడు వందల లోపు ర్యాంకు తెచ్చుకొని కాన్పూరులో చేరాడు. అంతటి అసాధారణమైన పిల్లవాడికి కూడా ఒక ఏడాది ఆగడం మేలు చేసిందన్నది నేను గమనించిన విషయం. ఐఐటీల ప్రవేశపరీక్ష అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు, ఆ రెండేళ్లు ఇంటర్ పాసైన ఏడాదితో ముడిపడి ఉంటాయి. పద్నాలుగేళ్ల పిల్ల చేత ముందుగా ఇంటర్ పాసు చేయించామంటే ఆ రెండు అవకాశాలను కూడా పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులోనే వాడేస్తున్నామని అర్థం.

ఇక్కడ ఇంకొక మాట. మన పల్లెల్లో బడిలో వేసే రోజున తండ్రి చెప్పిన తేదీ, ఆసుపత్రి కాగితం మీది తేదీ, పంచాయతీ రిజిస్టరులో పడిన తేదీ మూడు రకాలుగా ఉండడం కొత్త కాదు. తొందరగా బడిలో చేర్చుకుంటారని కొందరు ఏడాది ముందుకు జరిపి రాయిస్తారు. పదో తరగతి మెమో మీద ముద్రితమైన తేదీయే ఆ తరువాత ప్రతి దరఖాస్తుకూ ఆధారమవుతుంది కనుక, తొమ్మిదో తరగతిలో ఉండగానే అడ్మిషన్ రిజిస్టరులోని తేదీని జనన ధ్రువపత్రంతోను, ఆధార్‌తోను సరిచూసుకోవాలి. ఏ దారి ఎంచుకున్నా ఈ పని తప్పదు.

డబుల్ ప్రమోషన్ మంచిదా చెడ్డదా అని అడిగితే, ఒక్కసారి ఇప్పించడం చాలామంది తెలివైన పిల్లలకు నష్టం చేయదని, రెండోసారి ఇప్పించేటప్పుడు మాత్రం కారణం బలంగా ఉండాలని నా అభిప్రాయం. దాటించే తరగతి ఏది అన్నది కూడా ముఖ్యమే. మూడు, నాలుగు తరగతుల్లో దాటించడం తేలిక. తొమ్మిదో తరగతి దాటించడం మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే బీజగణితం, రేఖాగణిత నిరూపణలు, చలన నియమాలు అక్కడే కుదురుకుంటాయి. ఓపెన్ స్కూలును కొందరు దొడ్డిదారి అనుకుంటారు, కాని అక్కడా జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదో తరగతి స్థాయికి పద్నాలుగేళ్లు, ఇంటర్ స్థాయికి పదిహేనేళ్లు కనీస వయసుగా పెట్టింది. ఆటల్లోనో సంగీతంలోనో రోజుకు ఆరేడు గంటలు గడిపే పిల్లకు ఓపెన్ స్కూలు నిజంగా ఉపయోగపడుతుంది కాని, వయసును దాటవేయడానికి అది సాధనం కాదు.

ఇంకో దారి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అందరూ అనే పేరు ట్రిపుల్ ఐటీ. 2008లో ఈ విశ్వవిద్యాలయం మొదలైనప్పటి ఉద్దేశమే పల్లెలోని ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన ప్రతిభావంతులను పదో తరగతి కాగానే విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి తీసుకురావడం. ఆరేళ్ల సమీకృత కోర్సులో మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయి పీయూసీ, తరువాతి నాలుగేళ్లు బీటెక్. నూజివీడు, ఇడుపులపాయలతో పాటు 2016లో ఒంగోలు, శ్రీకాకుళం కూడా చేరాయి, ఒక్కో చోట సుమారు వెయ్యి సీట్లు. మన రాష్ట్రంలో పదిహేనేళ్లకే, ఏ తరగతీ దాటకుండా, అధికారికంగా విశ్వవిద్యాలయ విద్యార్థి అయ్యే అవకాశం ఇంత పెద్ద ఎత్తున ఉన్నది ఇక్కడే. పిల్ల ఒంటరిగా పెద్దవాళ్ల నడుమ పడదు, తన ఈడువాళ్లే వెయ్యిమంది చుట్టూ ఉంటారు. బ్యూరెట్ కోసం స్టూలు ఎక్కవలసిన అవసరం ఎవరికీ రాదు.

ప్రవేశం పదో తరగతి మార్కుల మీద ఆధారపడుతుంది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వల్ల పబ్లిక్ పరీక్షలు రద్దయినప్పుడు మాత్రం ప్రవేశపరీక్ష పెట్టారు. హాస్టలు లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు స్కోరుగా 4 శాతం కలుపుతారు. ఈ పద్ధతికి, డబుల్ ప్రమోషన్‌కు మధ్య చుట్టరికం ఉంది, తల్లిదండ్రులు దాన్ని పట్టించుకోరు. పోటీ 600కు రెండు మూడు మార్కుల తేడాతో తేలేచోట, ఒక ఏడాది చిన్నగా ఉండి పదో తరగతి రాసిన పిల్ల సాంఘికశాస్త్రంలోనో హిందీలోనో పోగొట్టుకునే ఆ రెండు మార్కులే సీటును దూరం చేయవచ్చు. అలాగే ఏడో తరగతి తరువాత ప్రభుత్వ పాఠశాల మాన్పించి కార్పొరేట్ హాస్టల్లో చేర్చిన రోజునే ఆ 4 శాతం పోయినట్టు లెక్క.

లోటుపాట్లు కూడా చెప్పుకోవాలి. ఈ దారి ఇంజనీరింగ్ వైపే పోతుంది, వైద్యం మీద మనసున్న పిల్ల ఇక్కడ చేరడం అర్థం లేని పని. బోధన ఆంగ్లంలో ఉంటుంది కనుక తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లకు మొదటి ఆరు నెలలు కష్టంగానే గడుస్తాయి. పేరులో ఒంగోలు ఉన్నా ఆ ప్రాంగణపు తరగతులు తొలి ఏళ్లలో ఇడుపులపాయలోనే నడిచిన సంగతి మరవకూడదు, కనుక ఆ ఏడాది మన పిల్ల ఏ భవనంలో ఉంటుందో, ప్రయోగశాలలు ఎక్కడున్నాయో స్వయంగా వెళ్లి చూసిన తరువాతే నిర్ణయించుకోవాలి. పీయూసీ ఇంటర్‌తో సమానమే కనుక రెండేళ్ల తరువాత వేరే చోట మంచి సీటు వస్తే మారే వీలుంటుంది. ఈ వీలు గురించి తెలియక, చేరితే ఆరేళ్లూ కదలడానికి లేదని భయపడి వదులుకున్నవాళ్లను నేను చూశాను.

పాలిటెక్నిక్ గురించి కొద్దిగా చెబితే చాలు. పదో తరగతి తరువాత పాలిసెట్ ప్రవేశపరీక్ష రాసి మూడేళ్ల డిప్లొమా, ఆ పైన ఈసెట్ అనే మరో ప్రవేశపరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా ప్రవేశం, మొత్తం ఆరేళ్లు. ఇంటర్, బీటెక్ కలిపినా ఆరేళ్లే కనుక కాలం కలిసిరాదు. అయితే మోటారు విప్పి మళ్లీ బిగించే పిల్లకు, పొలంలో బోరు స్టార్టరును తానే బాగుచేసే పిల్లకు, పదిహేనేళ్లకే వర్క్‌షాపు దొరుకుతుంది, పద్దెనిమిదేళ్లకు చేతిలో ఒక అర్హత ఉంటుంది. తెలివి అంటే మార్కులే అనుకునే ఇళ్లలో ఈ దారిని తక్కువగా చూస్తారు, అది పొరపాటు.

కార్పొరేట్ ఫౌండేషన్ తరగతుల విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. నెల్లూరు ఈ రెసిడెన్షియల్ చదువులకు పుట్టినిల్లు వంటిది, ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో మనకు మరొకరు చెప్పనక్కరలేదు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇంటర్ సిలబస్ ముందుగా చెప్పడం నిజమే, అందువల్ల అది ముందస్తు కాలేజీ చదువులా కనిపిస్తుంది. కాని అక్కడ జరిగేది ఒకే నమూనా ప్రశ్నను వందసార్లు చేయించి వేగం పెంచడం. సగటు కన్నా కొంచెం పైనున్న కష్టపడే పిల్లకు ఆ సాధన ఫలితమిస్తుంది. నిజంగా ప్రతిభ గల పిల్ల మూడోసారికే ఆ ప్రశ్న మీద ఆసక్తి కోల్పోతుంది, మిగిలిన తొంభై ఏడుసార్లు ఆమెకు శిక్ష. చేర్చే ముందు వారపు పరీక్ష పేపరొకటి అడిగి తీసుకోండి. అందులో పిల్ల మునుపు చూడని రకం ప్రశ్న ఒక్కటైనా ఉన్నదేమో చూడండి.

ఇక నేను చాలామందికి చెప్పే దారి, వయసుకు తగిన తరగతిలోనే ఉంచి, కాలేజీ స్థాయి చదువును పిల్ల దగ్గరికి తీసుకురావడం. దీనికి ఇప్పుడున్న సౌకర్యాలు ఇరవై ఏళ్ల క్రితం నెల్లూరులో కూడా లేవు. గణిత ఒలింపియాడ్‌కు తొలిమెట్టు అయిన ఐఓక్యూఎం పరీక్షను ఎనిమిదో తరగతి నుంచే రాయవచ్చు. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, ప్రతి జవాబూ రెండంకెలకు మించని పూర్ణసంఖ్య, నాలుగు ఆప్షన్లలో ఒకదాన్ని ఊహించి టిక్కు పెట్టే వీలు లేదు. మొదటి ఏడాది ఆరు ప్రశ్నలు చేసిన పిల్ల మరుసటి ఏడాది పది చేసిందంటే ఆ నాలుగు ప్రశ్నల వెనక ఎంత చదువు నడిచిందో లెక్కల మాస్టారికి అర్థమవుతుంది. ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో ఎవరైనా ఉచితంగా చేరవచ్చు. ఎనిమిది, పన్నెండు వారాల పాఠాలు, వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి, ధ్రువపత్రం కావాలనుకుంటే వెయ్యి రూపాయలు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. తొమ్మిదో తరగతి పిల్ల ప్రోగ్రామింగ్ మొదటి కోర్సును పన్నెండు వారాలూ వదలకుండా పూర్తి చేయగలిగితే, కాలేజీకి సిద్ధమా కాదా అన్న ప్రశ్నకు సగం జవాబు అదే. అంతరిక్షం మీద ఆసక్తి ఉన్న తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్రో 2019 నుంచి యువిక అనే శిక్షణ నిర్వహిస్తున్నది. గ్రామీణ పాఠశాలల వారికి ఎంపికలో అదనపు ప్రాధాన్యం ఉంది, సూళ్లూరుపేట దాటితే శ్రీహరికోట మనకు పొరుగూరే.

ఈ దారిలో పెరిగిన పిల్ల ఇంటర్ తరువాత వెళ్లగలిగిన చోట్లు ఇంజనీరింగ్ కాలేజీలకే పరిమితం కావు. చెన్నై శివార్లలోని సిరుసేరిలో ఉన్న చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ గణితం, కంప్యూటర్ సైన్సులకు సొంత ప్రవేశపరీక్ష పెట్టుకుంటుంది, ఒలింపియాడ్ సాధన చేసిన పిల్లకు ఆ పేపరు పరాయిగా అనిపించదు. 2015లో మొదలైన తిరుపతి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) ప్రాంగణం గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా పోయే రైలు దారిలో ఏర్పేడు దగ్గర ఉంది, ఐదేళ్ల బీఎస్, ఎంఎస్ కోర్సు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 2011 నుంచి డిగ్రీ స్థాయిలోనే పిల్లలను చేర్చుకుంటున్నది. ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్సుకు జేఈఈతో పనిలేదు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష నెగ్గితే చాలు, మరో కాలేజీలో డిగ్రీ చదువుతూనే దీన్నీ చదవవచ్చు.

ఇతర దేశాల్లో తెలివైన పిల్లలను ముందుగా గుర్తించి పైచదువు అందించే పని యాభై ఏళ్లుగా ఒక పద్ధతి ప్రకారం జరుగుతున్నది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జూలియన్ స్టాన్లీ 1971లో మొదలుపెట్టిన అధ్యయనంలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు వాళ్ల తరగతి పరీక్ష పెట్టకుండా, కాలేజీలో చేరబోయేవారు రాసే పరీక్షనే పెట్టారు. తరగతి పరీక్షలో నూటికి నూరు వచ్చిన ఇద్దరు పిల్లల మధ్య ఎంత తేడా ఉన్నదో అక్కడ బయటపడుతుంది. చైనాలో విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం 1978లో చిన్నవయసు ప్రతిభావంతుల కోసం ప్రత్యేక తరగతినే తెరిచింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1977 నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలను చేర్చుకుంటున్నది కాని, వారిని నేరుగా డిగ్రీ తరగతిలోకి పంపకుండా ఒక ఏడాది సన్నాహక పాఠశాలలో కలిసి చదివిస్తుంది. మన డబుల్ ప్రమోషన్‌లో లేనివి ఈ రెండే, కొలిచి చూడడం, తోడు ఇచ్చి పంపడం.

కొలిచి చూడడం మనమూ ఇంట్లో చేయవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పుస్తకంలోని ఒక అధ్యాయం ఇచ్చి, ఎవరూ చెప్పకుండా రెండు వారాలు చదవనిచ్చి, పాత పబ్లిక్ పరీక్షలో ఆ అధ్యాయం నుంచి వచ్చిన ప్రశ్నలు పెట్టండి. సగం చేసినా చాలా గొప్ప. మార్కుల కన్నా పిల్ల అడిగిన సందేహాలను గమనించండి. సూత్రం ఏమిటని అడిగిన పిల్ల వేరు, ఈ సూత్రం ఇక్కడ ఎందుకు పనిచేయదని అడిగిన పిల్ల వేరు. ఒక్క లెక్కల్లోనే ముందున్న పిల్లకు తరగతి దాటించడం అనవసరం, ఆ ఒక్క సబ్జెక్టునే పైకి తీసుకుపోవాలి. తెలుగు, ఆంగ్లం, సైన్సు, సాంఘికం అన్నింటిలోను రెండేళ్లు ముందున్న పిల్ల అరుదు, డబుల్ ప్రమోషన్ అలాంటి పిల్లకే సరిపోతుంది.

పుస్తకానికి బయటి సిద్ధత మీద కూడా కొంత పట్టింపు ఉండాలి. జ్వరం వస్తే వార్డెనుకు చెప్పగలగడం, తన బట్టలు తాను ఉతుక్కోవడం, మెస్సులో నచ్చని కూరతో కూడా అన్నం తినగలగడం, అర్థం కాని పాఠాన్ని అర్థం కాలేదని నలుగురి ముందు అనగలగడం, ఇవన్నీ హాస్టలుకు పోయాక నేర్చుకుంటారులే అని తోసేయదగినవి కావు. ఎప్పుడూ మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లకు చివరిది మరీ కష్టం. అందుకే పదో తరగతి సెలవుల్లో ఆమెకు కష్టమైనదొకటి అప్పజెప్పి, ఓడిపోనిచ్చి, పక్కన కూర్చోవడం మంచి సన్నాహం. ఆడపిల్లల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. చదువు త్వరగా ముగిస్తే పెళ్లి మాట కూడా త్వరగా ఎత్తుతారు, ఇరవై ఏళ్లకే బీటెక్ అయిపోయిన అమ్మాయికి పైచదువుకు దక్కవలసిన రెండేళ్లను చుట్టాలు తమ లెక్కలో వేసుకుంటారు. తరగతి దాటించే ముందు ఆ మిగిలే ఏళ్లు ఎవరివో ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

ఇప్పుడు ఎంపిక విషయానికి వస్తే, ప్రభుత్వ పాఠశాలలో చదువుతూ, ఇంజనీరింగ్ మీద ఇష్టం ఉండి, ఇంటి ఆదాయం తక్కువైన పిల్లకు ట్రిపుల్ ఐటీని మించిన దారి నాకు కనబడదు. పదో తరగతి మార్కులకు ప్రాధాన్యం ఇచ్చి, ఆంగ్లంలో చదివే అలవాటును తొమ్మిదో తరగతి నుంచే చేయించాలి. వైద్యం కోరుకునే పిల్లను తొందరపెట్టకండి, ఒక తరగతి దాటించినా రెండోది దాటించవద్దు. శుద్ధ గణితం, భౌతికశాస్త్రం మీద ఆకలి ఉన్న పిల్లను ఉన్న తరగతిలోనే ఉంచి ఒలింపియాడ్ వైపు, ఆ తరువాత సిరుసేరి, ఐసర్, బెంగళూరు వైపు తిప్పండి. చేతిపని మీద మక్కువ ఉన్నవారికి పాలిటెక్నిక్ సరిపోతుంది. ఇప్పటికే రెండు తరగతులు దాటించేసి ఉంటే కంగారు పడనక్కరలేదు. ఇంటర్ తరువాత వయసు కోసం ఆగవలసి వచ్చే ఏడాదిని ఇప్పుడే లెక్కలో పెట్టుకొని, ఆ ఏడాదికి ఎన్‌పీటీఈఎల్ కోర్సులు రెండు, ఆంగ్లం, ఇష్టమైన ఒక ఆట ముందే నిర్ణయించి ఉంచండి. నేను చెప్పిన కుర్రవాడు ఆ ఏడాదంతా మా కాలేజీ గ్రంథాలయంలో గడిపాడు. తాళం తీసే అటెండరు కన్నా ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు, మరుసటి ఏడాది ప్రయోగశాలలో తన పాత బెంచీ దగ్గర నిలబడి చూసుకుంటే బ్యూరెట్ గీత కంటికి సరిగ్గా అందింది.